సాయంత్రం ఏడు దాటాక మన నెత్తిమీద

కడపలో డిగ్రీ విద్యార్థులు, అధ్యాపకులు, గ్రామ సర్వేయర్లు హాజరైన సభలో ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వినిపిస్తోందా? వినిపిస్తే చెయ్యెత్తండి. సరే, బాగుంది.

నిర్వాహకులు కరపత్రం మీద ధ్రువకాంతుల బొమ్మ వేశారు. ఎర్రగా, ఆకుపచ్చగా చాలా అందంగా ఉంది. ఆ బొమ్మ చూసి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ముందే చెప్పేస్తున్నాను, కడపలో అవి కనిపించవు. 2024 మే 10వ తేదీ రాత్రి లడఖ్‌లోని హాన్లేలో కెమెరాలకు ఎర్రటి వెలుగు చిక్కింది. పత్రికలన్నీ వేశాయి. ఇరవై ఏళ్లకోసారి వచ్చేంత పెద్ద సౌర తుఫాను అది. మనమేమో పద్నాలుగున్నర డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం. మనకు వచ్చే అంతరిక్ష వాతావరణం వేరు, అది కంటికి కనిపించదు. సాయంత్రం ఏడు, ఏడున్నర దాటాక మొదలవుతుంది, అర్ధరాత్రి దాకా ఉంటుంది. ఆ రోజు సూర్యుడు ఎంత బుద్ధిగా ఉన్నా సరే, రావలసి ఉంటే వస్తుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా దాని గురించే, అంటే పై ఆకాశంలోని విద్యుత్ పొరలో రాత్రి లేచే బుడగలు, వాటివల్ల జీపీఎస్‌కు వచ్చే తిప్పల గురించే.

ముందు వరుసలో గ్రామ సర్వేయర్లు కూర్చున్నారు. భూముల రీసర్వేలో రోవర్, అంటే ఉపగ్రహ సంకేతాలతో హద్దులు కొలిచే యంత్రం, పట్టుకుని పొలం గట్ల వెంట తిరిగినవాళ్లు. మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. మధ్యాహ్నం రెండు మూడు గంటలప్పుడు రోవర్ ఫ్లోట్‌లోనే (ఉజ్జాయింపు స్థానం దగ్గరే) ఉండిపోయి, ఫిక్స్ (కచ్చితమైన స్థానం) ఇవ్వనని మొండికేసిన అనుభవం ఎంతమందికి ఉంది? చూశారా, దాదాపు అందరూ చేతులెత్తారు. చింతచెట్టు కింద నిలబడితే ఫిక్స్ రాకపోవడం వేరు. ఫోను సిగ్నల్ లేక సవరణలు అందకపోవడం వేరు. చెట్టు లేదు, సిగ్నల్ ఉంది, తెర మీద బోలెడు ఉపగ్రహాలు కనిపిస్తున్నాయి, అయినా ఫిక్స్ రాదు. అదే గట్టు మీద పొద్దున ఎనిమిదింటికి నిమిషంలో వచ్చింది. అలాంటప్పుడు యంత్రాన్ని తిట్టే ముందు, మూడు వందల కిలోమీటర్ల ఎత్తున ఏం జరుగుతోందో కాస్త ఆలోచించాలి.

అక్కడ ఏముంది? గాలే ఉంది. చాలా పలచటి గాలి. సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు ఆ గాలి అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. సుమారు 60 కిలోమీటర్ల ఎత్తు నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా ఇలా ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివిడిగా తిరిగే ప్రాంతాన్ని ఐనో ఆవరణం అంటాం. మీ పాఠ్యపుస్తకంలో ఉంది, పరీక్షకు రెండు మార్కులు. కానీ పుస్తకంలో బొమ్మ చూస్తే అక్కడ అన్నీ అయాన్లే ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి మూడు వందల కిలోమీటర్ల ఎత్తున వెయ్యి కణాల్లో ఒక్కటి అయాను. మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిది మామూలు గాలే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆ ఒక్కదాన్ని ఈ తొమ్మిది వందల తొంభై తొమ్మిదీ కలిసి ఎటు తోస్తే అటు పోవలసి వస్తుంది. ఆ ఒక్కటేమో అయస్కాంత క్షేత్రం మాట కూడా వినాలి. అక్కడే తగువంతా.

దీన్ని మనుషులు కనుక్కున్నది రేడియో వల్ల. 1901 డిసెంబరులో మార్కోని ఇంగ్లాండులోని పోల్డూ నుంచి అట్లాంటిక్ దాటించి న్యూఫౌండ్‌లాండ్‌కు రేడియో సంకేతం పంపాడు. తరంగం తిన్నగా పోవాలి కదా, భూమి గుండ్రంగా ఉంది కదా, మరి ఎలా వంగింది? మరుసటి ఏడాదే కెన్నెలీ, హెవిసైడ్ ఇద్దరూ వేరువేరుగా, పైన ఏదో విద్యుత్ వాహక పొర ఉండి తిప్పి కొడుతోందన్నారు. 1924లో ఆపిల్టన్ ప్రయోగం చేసి ఆ పొర ఎత్తు కొలిచాడు. 1947లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్ర, మన తెలుగునాట విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి. రామచంద్రరావు గారు ఈ పరిశోధనకు పునాదులు వేశారు. చరిత్ర ఇంతటితో చాలు.

యాభై దాటినవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. రేడియో సిలోన్ తెలుగు పాటలు గుర్తున్నాయా? గుర్తున్నాయి! అమ్మా, మీరు తలూపుతున్నారు. సముద్రం అవతల కొలంబో నుంచి షార్ట్‌వేవ్‌లో ప్రసారమైన పాట ప్రొద్దుటూరులో ఎలా వినిపించింది? మధ్యలో తీగలు లేవు, ఉపగ్రహాలు లేవు. ఐనో ఆవరణంలో పైనున్న ఎఫ్ పొర ఆ తరంగాన్ని కిందికి వంచి పంపింది. పాట మధ్యలో ఒకసారి పెద్దగా, ఒకసారి సన్నగా వినిపించేది, గుర్తుందా? ఆ పొర నిలకడగా ఉండదు కాబట్టి అలా వినిపించేది. మన కడప ఆకాశవాణి సంగతి తీసుకోండి. మీడియం వేవ్, 900 కిలోహెర్ట్జ్. పగలు 60 నుంచి 90 కిలోమీటర్ల మధ్య ఉండే డి పొర మీడియం వేవ్‌ను మింగేస్తుంది. నేల వెంట పాకిన తరంగమే మన రేడియోకు అందుతుంది. పొద్దు గూకగానే డి పొర పోతుంది. అందుకే రాత్రి పూట ముల్లు తిప్పుతుంటే ఎక్కడెక్కడి కేంద్రాలో, తెలియని భాషలన్నీ వచ్చి పడేవి. ఈ కాలం పిల్లలకు ముల్లు తిప్పడం తెలియదు. వాళ్ల తప్పేమీ లేదు.

సరే, కొలవడం ఎలా? పాత పద్ధతి అయనోసోండ్. నేల మీద నుంచి నిట్టనిలువుగా రేడియో స్పందనలు పంపుతుంది. ఒక మెగాహెర్ట్జ్ నుంచి మొదలుపెట్టి పౌనఃపున్యం పెంచుకుంటూ పోతుంది. ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి ఎత్తు లెక్కకడతాం. పెంచుతూ పోతే ఒకచోట ప్రతిధ్వని ఆగిపోతుంది, తరంగం పొరను చీల్చుకుని అంతరిక్షంలోకి వెళ్లిపోతుంది. ఆ పౌనఃపున్యం తెలిస్తే ఎలక్ట్రాన్ల సాంద్రత తెలిసినట్టే. లెక్క తేలిక: ఘనపు మీటరుకు ఉన్న ఎలక్ట్రాన్ల సంఖ్యకు వర్గమూలం తీసి తొమ్మిదితో గుణించండి, హెర్ట్జ్‌లలో వస్తుంది. లక్ష కోట్ల ఎలక్ట్రాన్లకు తొమ్మిది మెగాహెర్ట్జ్. పరీక్షలో అడుగుతారు, రాసుకోండి.

కొత్త పద్ధతి మీ జేబులోనే ఉంది. జీపీఎస్ సంకేతం ఐనో ఆవరణం గుండా వచ్చేటప్పుడు ఆలస్యమవుతుంది. దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉంటే అంత ఆలస్యం. చదరపు మీటరు అడ్డుకోత ఉన్న స్తంభంలో లెక్కపెట్టిన ఎలక్ట్రాన్ల మొత్తాన్ని మేం టెక్ అంటాం. పది వేల లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు ఒక యూనిట్. ఒక యూనిట్ పెరిగితే జీపీఎస్ ఎల్1 సంకేతానికి దూరం 16 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. అంతేనా అనకండి. సూర్యుడి మచ్చలు పెరిగి తగ్గే సౌర చక్రం ఉచ్చస్థితిలో ఉన్న ఏడాది, మార్చి, ఏప్రిల్ నెలల్లో, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు మన మీద వంద యూనిట్లు దాటవచ్చు. వందను పదహారుతో గుణించండి. 16 మీటర్లు! తెల్లవారుజామున నాలుగింటికి అదే చోట ఆ పొరపాటు మీటరో, రెండు మీటర్లో ఉంటుంది. రోవర్ పని సెంటీమీటర్ల లెక్క కదా. తన చోటు ముందే తెలిసి, సవరణలు పంపే దగ్గరలోని బేస్ స్టేషనూ మీ రోవరూ ఒకే ఐనో ఆవరణాన్ని చూస్తున్నంతసేపు ఈ పొరపాటు రెండింటిలోనూ సమానంగా ఉండి కొట్టేసుకుపోతుంది. స్టేషను దూరమై, మధ్యలో ఎలక్ట్రాన్ల సాంద్రత ఎత్తుపల్లాలుగా ఉంటే కొట్టేసుకుపోదు. మధ్యాహ్నం పూట ఫ్లోట్ మొండితనానికి ఇదొక కారణం. ఇదొక్కటే కారణం అనడం లేదు. సర్వేయరు గారు నవ్వుతున్నారు, రేపు అధికారులకు ఈ సాకు చెబుతారేమో!

మనం ఎక్కడ ఉన్నాం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. భూమధ్యరేఖ అందరికీ తెలుసు. అయస్కాంత భూమధ్యరేఖ అని ఇంకొకటి ఉంది. దాని మీద భూ అయస్కాంత క్షేత్రం పూర్తిగా అడ్డంగా, నేలకు సమాంతరంగా ఉంటుంది. అది మన దేశం దక్షిణపు కొసన, తిరువనంతపురం, తిరునెల్వేలి చాయలలో పోతుంది. 1963 నవంబరు 21న మన దేశంలో మొదటి రాకెట్‌ను తిరువనంతపురం పక్కనున్న తుంబా నుంచి ఎందుకు ఎగరేశారు? చేపలు పట్టేవాళ్ల ఊరు, చర్చి, సైకిలు మీద రాకెట్ భాగం తీసుకెళ్లే ఫోటో, ఇవన్నీ అందరికీ తెలుసు. ఆ ఊరే ఎందుకు? అయస్కాంత భూమధ్యరేఖ మీద ఉంది కాబట్టి. అక్కడ సుమారు 105 కిలోమీటర్ల ఎత్తున పగటిపూట తూర్పు దిక్కుగా పెద్ద విద్యుత్ ప్రవాహం పారుతుంది. విక్రమ్ సారాభాయ్ దాన్ని రాకెట్‌తో లోపలికి వెళ్లి కొలవాలనుకున్నారు. ఉపగ్రహ వాహకాలు, చంద్రయాన్‌లు అన్నీ తర్వాతి మాట. మన అంతరిక్ష కార్యక్రమం ఐనో ఆవరణం కోసమే పుట్టిందంటే అతిశయోక్తి కాదు.

పగలు అక్కడ తూర్పు దిక్కుగా విద్యుత్ క్షేత్రం ఉంటుంది, ఉత్తర దిక్కుగా అయస్కాంత క్షేత్రం ఉంటుంది. రెండూ లంబంగా ఉంటే ఎలక్ట్రాన్లు, అయాన్లు ఎటు పోతాయి? ఫిజిక్స్ పిల్లలూ, చెప్పండి. పైకి! రెండూ కలిసి పైకే పోతాయి. అలా పైకి లేచి, అయస్కాంత రేఖల వెంట అటు ఉత్తరానికి, ఇటు దక్షిణానికి జారి పడతాయి. అందువల్ల వింత జరుగుతుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్న అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర ఎలక్ట్రాన్లు తక్కువ, దానికి పదిహేను డిగ్రీలు అటూ ఇటూ ఎక్కువ. 1946లో ఆపిల్టనే దీన్ని గుర్తించాడు. మన దేశంలో ఆ ఉత్తరపు గుట్ట అహ్మదాబాదు, భోపాల్, కోల్‌కతా వరసలో ఉంటుంది. లోయ కేరళ కొసన ఉంటుంది. కడప, కర్నూలు, అనంతపురం ఆ లోయ నుంచి గుట్టకు ఎక్కే వాలు మీద ఉన్నాయి. ఉత్తరానికి నాలుగైదు వందల కిలోమీటర్లు పోతే లెక్కే మారిపోతుంది. అమెరికాలో, ఐరోపాలో ఇంత నిటారు వాలు మామూలు రోజుల్లో ఉండదు. వాళ్ల కోసం కట్టిన నమూనాలను మన మీద కప్పితే చాలకపోవడానికి కారణం ఇదే.

ఇక సాయంత్రం. పొద్దు గూకేటప్పుడు రెండు సంగతులు ఒకేసారి జరుగుతాయి. కింద, నూరు కిలోమీటర్ల దగ్గర ఉన్న 'ఇ' (E) పొర చకచకా మాయమైపోతుంది. అక్కడివి అణువుల అయాన్లు, ఎలక్ట్రాన్ దొరికితే వెంటనే కలిసిపోతాయి. పైన ఎఫ్ పొరలో ఆక్సిజన్ పరమాణు అయాన్లు, అవి అంత త్వరగా కలవవు, రాత్రి కూడా మిగులుతాయి. అదే సమయంలో తూర్పు దిక్కు విద్యుత్ క్షేత్రం, రాత్రికి పడమటికి తిరగబోయే ముందు, ఒక్కసారి బలంగా ఎగిసిపడుతుంది. ఎఫ్ పొరను సెకనుకు నలభై, యాభై మీటర్ల వేగంతో పైకి ఎత్తేస్తుంది. అంటే ఇప్పుడు ఏమైంది? పైన బరువైన ప్లాస్మా (అయాన్లు, ఎలక్ట్రాన్లు కలిసిన వాయువు), కింద దాదాపు ఖాళీ. నూనె మీద నీళ్లు పోసినట్టు. అమ్మలకు చెప్పనక్కర్లేదు, నీళ్లు కిందికి దిగుతాయి, నూనె బొట్లు బొట్లుగా పైకి తేలుతుంది. అక్కడా అంతే. కింది పలచటి ప్లాస్మా బుడగలుగా పొడుచుకుని పైకి లేస్తుంది. సెకనుకు వందా రెండు వందల మీటర్ల వేగంతో, కొన్ని రాత్రులు వెయ్యి కిలోమీటర్ల ఎత్తు దాకా. అయస్కాంత రేఖల వెంట ఉత్తర దక్షిణాలుగా వేల కిలోమీటర్లు సాగుతుంది. తూర్పు పడమరలుగా చూస్తే వెడల్పు వంద కిలోమీటర్ల చొప్పున ఉంటుంది. దాని అంచులు ముక్కలు ముక్కలుగా చిరిగి ఉంటాయి, కిలోమీటర్ల నుంచి మీటర్ల దాకా అన్ని పరిమాణాల చిరుగులు.

మన పక్కనే, తిరుపతి దగ్గర గాదంకిలో ఎంఎస్‌టీ రాడార్ ఉంది. మీలో ఎంతమంది చూశారు? 53 మెగాహెర్ట్జ్ రాడార్. 130 మీటర్ల చదరంలో 1024 యాంటెన్నాలు నాటారు. వాతావరణం కోసం కట్టినా, ఈ మీటర్ల పరిమాణపు చిరుగులను చక్కగా పట్టుకుంటుంది. పక్కనే 30 మెగాహెర్ట్జ్ రాడార్ ఒకటి కేవలం ఐనో ఆవరణం కోసమే ఉంది. బుడగ ఉన్న రాత్రి ఆ రాడార్ చిత్రం చూస్తే, కాలం గడుస్తున్న కొద్దీ కింది నుంచి ఈకలు పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. అయనోసోండ్ చిత్రంలో మామూలు రాత్రి సన్నటి గీత వస్తుంది. ఆ రాత్రి గీత ఉండదు, చెయ్యి పెట్టి పులిమేసినట్టు మరకే ఉంటుంది. పెరూలో 1930లలోనే ఆ మరకను గమనించారు. ఎందుకు వస్తోందో తేలడానికి దశాబ్దాలు పట్టింది.

ఈ చిరుగుల గుండా జీపీఎస్ సంకేతం వస్తే ఏమవుతుంది? బలం ఒక క్షణం పెరిగి, మరో క్షణం కూలిపోతుంది. రిసీవర్ పట్టు తప్పి ఆ ఉపగ్రహాన్ని వదిలేస్తుంది. ఒకేసారి నాలుగైదు పోతే స్థానం లెక్కే తప్పుతుంది. ఆలస్యానికి మందు ఉంది. రెండు పౌనఃపున్యాలు వాడితే చాలు. ఆలస్యం పౌనఃపున్యం వర్గానికి విలోమం కాబట్టి రెండింటినీ పోల్చి తీసెయ్యవచ్చు. జీపీఎస్ లాంటి మన సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ మొదటి నుంచీ ఎల్5, ఎస్ అని రెండు పట్టీలు పెట్టుకుంది. ఈ మినుకుమినుకుకు మాత్రం అలాంటి మందు లేదు. సంకేతమే పోయాక దేన్ని దేనితో పోలుస్తారు?

ఎప్పుడు వస్తాయి ఈ బుడగలు? మన రేఖాంశాల్లో మార్చి, ఏప్రిల్ ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరు ఇంకోసారి. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల చుట్టూ. ఎందుకంటే మన దగ్గర దిక్సూచి ముల్లు దాదాపు అసలు ఉత్తరాన్నే చూపుతుంది. విషువత్తు రోజున సూర్యాస్తమయపు గీత కూడా ఉత్తర దక్షిణంగా ఉంటుంది. అంటే ఒక అయస్కాంత రేఖ రెండు కొసల్లోనూ ఒకేసారి పొద్దు గూకుతుంది, కింది పొర రెండు వైపులా ఒకేసారి పోతుంది. జూన్‌లో అలా కాదు, ఒక కొస ఇంకా వెలుగులో ఉంటుంది. సౌర మచ్చలు ఎక్కువున్న ఏళ్లలో బుడగలు ఎక్కువ, తక్కువున్న ఏళ్లలో తక్కువ. ఇప్పటి సౌర చక్రం, ఇరవై ఐదోది, 2019 డిసెంబరులో మొదలై 2024కు ఉచ్చస్థితికి చేరింది.

ఇంతవరకు బాగానే ఉంది. నెల చెప్పగలం, ఏడాది చెప్పగలం, గంట కూడా చెప్పగలం. ఈ రాత్రి వస్తుందా? ఇది అడిగితే మాత్రం నేను గడ్డం గోక్కుంటాను. నిన్న వచ్చింది, ఇవాళ రాదు. సూర్యుడు అదే, కాలం అదే, విద్యుత్ క్షేత్రం కూడా ఇంచుమించు అదే. తేడా ఎక్కడ? ఇందాక గుర్తుంచుకోమన్నానే, వెయ్యింటిలో తొమ్మిది వందల తొంభై తొమ్మిది మామూలు గాలి అని. ఆ గాలి ఎటు వీస్తోంది? కింద ఎక్కడో ఉరుముల మేఘం లేచి, దాని అలలు పైదాకా పాకి, ఎఫ్ పొర అడుగును అక్కడక్కడా అలలు అలలుగా వంచాయా? మొదటి బుడగకు ఆ వంపే విత్తనం. అంటే అంతరిక్ష వాతావరణం చెప్పడానికి సూర్యుడిని చూస్తే చాలదు, బంగాళాఖాతం మీది మబ్బులను కూడా చూడాలి.

సూర్యుడు విసిరినప్పుడు

తుఫానుల మాట చెప్పకపోతే నిర్వాహకులు నన్ను వదలరు. సూర్యుడి మీద పేలుడు జరిగితే మూడు విడతలుగా వస్తుంది. ఎక్స్ కిరణాలు ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లలో వచ్చేస్తాయి. హెచ్చరిక ఇచ్చే వీలే లేదు, కనిపించిందంటే వచ్చేసినట్టే. డి పొర బలిసి, పగలున్న వైపు షార్ట్‌వేవ్ మూగబోతుంది. 2017 సెప్టెంబరు 6న అలాగే జరిగింది. ఆ సమయంలో కరీబియన్ దీవుల్లో ఇర్మా తుఫాను సహాయానికి హామ్ రేడియో వాళ్లు వాడుతున్న పౌనఃపున్యాలు పోయాయి. తర్వాత వేగవంతమైన ప్రోటాన్లు వస్తాయి, కొన్ని నిమిషాల నుంచి గంటల్లో. చివరగా అసలు మేఘం, అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొచ్చే ప్లాస్మా. ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది.

మూడు రోజుల సమయం ఉంది కదా, మరి సరిగ్గా చెప్పలేరా? బయలుదేరిందని చెప్పగలం. ఎప్పుడు చేరుతుందో కొన్ని గంటల తేడాతో చెప్పగలం. అది మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి తిరిగి ఉందా, దక్షిణానికా అన్నది మాత్రం దూరం నుంచి తెలియదు. దక్షిణానికి ఉంటే మన భూమి క్షేత్రంతో ముడిపడి శక్తినంతా లోపలికి దించుతుంది. ఉత్తరానికి ఉంటే చాలావరకు పక్కనుంచి జారిపోతుంది. దాన్ని కొలవాలంటే మేఘం వచ్చి తగలాలి. అందుకే భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున్న ఎల్1 బిందువు దగ్గర (ఇందాకటి జీపీఎస్ ఎల్1 వేరు, ఇది వేరు) కాపలా పెట్టారు. అమెరికా వాళ్ల ఏస్ 1997 నుంచి ఉంది. మన ఆదిత్య ఎల్1 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరి 2024 జనవరి 6న అక్కడి కక్ష్యలో కుదురుకుంది. ఏడు పరికరాల్లో నాలుగు సూర్యుడిని చూస్తాయి, మూడు తమ దగ్గరికి వచ్చిన కణాలను, అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తాయి. లెక్క వేద్దాం. సౌర పవనం వేగం సెకనుకు 400 కిలోమీటర్లయితే 15 లక్షలను 400తో భాగించండి. గంట పైన రెండు నిమిషాలు. తుఫాను మేఘం 800 వేగంతో వస్తే అరగంట. ఖాయంగా చెప్పడానికి మనిషికి దొరికేది ఇంతే!

నష్టాలు మీరు చదివే ఉంటారు. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్‌లో అరవై లక్షల మందికి తొమ్మిది గంటలు కరెంటు పోయింది. 2022 ఫిబ్రవరిలో ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 వాతావరణంలో పడి కాలిపోయాయి. అది చిన్నపాటి తుఫానే. పైగాలి వేడెక్కి ఉబ్బింది, తక్కువ ఎత్తులో ఉన్న ఉపగ్రహాలు ఆ రాపిడి తట్టుకోలేకపోయాయి. 2024 మే తుఫానులో అమెరికాలో మొక్కజొన్న విత్తే రైతుల ట్రాక్టర్లు జీపీఎస్ తప్పి ఆగిపోయాయి. మన రైతు ఇంకా గొర్రు పట్టుకుని కంటితోనే చాలు చూసుకుంటున్నాడు కాబట్టి బతికిపోయాడు. డ్రోన్లు వచ్చాక అలా ఉండదు.

1859 సెప్టెంబరులో వచ్చిన కారింగ్టన్ తుఫానుకు ప్రపంచంలో విలువైన ఆధారం ఎక్కడిదో తెలుసా? బొంబాయి కొలాబా కేంద్రంలోది. అయస్కాంత క్షేత్రం సుమారు 1600 నానోటెస్లాలు పడిపోయినట్టు అక్కడి కాగితాల్లో ఉంది. 2024 మేలో ప్రపంచ సగటు పతనం 400 చిల్లర. ఒకచోటి కొలతను ప్రపంచ సగటుతో పోల్చడం సరి కాదు, అయినా ఎంత పెద్దదో అర్థమవుతుంది. తర్వాత బొంబాయికి విద్యుత్ ట్రాములు రాబోతున్నాయని 1904లో ఆ కేంద్రాన్ని అలీబాగ్‌కు మార్చారు. ట్రాము కరెంటు కొలతలను పాడుచేస్తుందని ముందే ఊహించి, పరికరాలను సముద్రం అవతలికి తీసుకెళ్లిన ఆ మనుషులకు నేను దండం పెడతాను. మనం ఇప్పుడు కొలిచే కేంద్రం పక్కన సెల్ టవర్ కట్టాక ఫిర్యాదు రాస్తాం.

తుఫాను వస్తే మన బుడగలు పెరుగుతాయా అని అడుగుతారు. పెరగవచ్చు, అసలు లేకుండానూ పోవచ్చు. తుఫాను విద్యుత్ క్షేత్రం మన సాయంత్రం వేళకు వచ్చి పడితే ఒక రకం, అర్ధరాత్రి పడితే ఇంకో రకం. కాబట్టి పేపర్లో సౌర తుఫాను అని పెద్ద అక్షరాలు చూసి, ఆ రాత్రి కడపలో జీపీఎస్ పోతుందని అనుకోకండి. ఏ వార్తా లేని అక్టోబరు సాయంత్రమే ఎక్కువ ఇబ్బంది పెట్టవచ్చు.

విమానాల కోసం ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి కట్టిన గగన్, అంటే జీపీఎస్ పొరపాట్లను సవరించి చెప్పే వ్యవస్థ, ఈ కష్టాలన్నీ పడింది. అమెరికా, ఐరోపా, జపాన్‌ల తర్వాత అలాంటి వ్యవస్థ మనదే. భూమధ్యరేఖ ప్రాంతపు ఐనో ఆవరణం కింద పనిచెయ్యడానికి కట్టిన మొదటిదీ మనదే. 15 భూకేంద్రాలు ఎప్పటికప్పుడు కొలుస్తూ, దేశం మీద గళ్లు గీసి ఒక్కో కూడలికి ఎంత సవరణ కావాలో విమానాలకు చెబుతాయి. అమెరికా నమూనా ఐనో ఆవరణాన్ని ఒక పలచటి పొరగా అనుకుంటుంది. మన వాలుకు అది చాలక, ఒకటికి మించి పొరలు పెట్టి మనవాళ్లు సొంత పద్ధతి రాసుకున్నారు. 2013 డిసెంబరులో ఒక స్థాయికి, 2015 ఏప్రిల్‌లో పైస్థాయికి ధ్రువీకరణ వచ్చింది. ఇందాకటి నుంచి నేను చెబుతున్నది ఇదే. మన మీది ఆకాశం లెక్క మనమే కట్టుకోవాలి, ఎవరో కట్టింది సరిపోదు.

చీటీలు వచ్చాయి, రెండు చూస్తాను. ఒకటి: "రాత్రి 12.30 నుంచి 3.30 దాకా కాస్మిక్ కిరణాలు వస్తాయి, ఫోను ఆపెయ్యమని వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా?" ఈ సందేశం నాకు ఏటా రెండుసార్లు వస్తుంది, మా బంధువుల నుంచే. కాస్మిక్ కిరణాలు పగలూ రాత్రీ ఎప్పుడూ వస్తూనే ఉంటాయి, గడియారం చూసుకుని రావు. ఫోను ఆపడం వల్ల నిద్ర బాగా పడుతుంది, ఆ లాభం మాత్రం నిజం. రెండోది: "ఐనో ఆవరణాన్ని చూసి భూకంపాలను ముందే చెప్పవచ్చా?" భూకంపాలకు ముందు మార్పులు చూశామని చాలా పత్రాలు వచ్చాయి. రోజు రోజుకీ ఇంత మారే ఐనో ఆవరణంలో ఆ మార్పు భూకంపం వల్లే వచ్చిందని నిలబెట్టడం కష్టం. ముందే చెప్పి తప్పించిన సందర్భం ఒక్కటీ లేదు. నేనైతే నమ్మడం లేదు.

విద్యార్థులకు ఒక పని ఇచ్చి ముగిస్తాను. ఫోనులో ఉపగ్రహాల సంకేతబలం చూపే ఉచిత యాప్‌లు ఉన్నాయి. సెప్టెంబరు, అక్టోబరులో మేడ మీద ఫోను కదలకుండా పెట్టి ఏడింటి నుంచి పదింటి దాకా ఒక్కో ఉపగ్రహం బలం నమోదు చెయ్యండి. కొన్ని యాప్‌లు ఫైలుగా రాసిపెడతాయి. బుడగలు పడమటి నుంచి తూర్పుకు సెకనుకు సుమారు వంద మీటర్ల వేగంతో జరుగుతాయి, కాబట్టి పడమటి ఉపగ్రహం ముందు వణికి, తర్వాత నడినెత్తిది, ఆ తర్వాత తూర్పుది వణకాలి. అనంతపురంలో మీ స్నేహితులు ఎవరైనా ఉంటే వాళ్లనూ పెట్టమనండి. అనంతపురానికీ మనకూ తూర్పు పడమరలుగా 130 కిలోమీటర్లు. వాళ్ల నెత్తిమీది బుడగ మన నెత్తిమీదికి రావడానికి ఇరవై నిమిషాల పైచిలుకు పట్టాలి. రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి ఆ తేడా వస్తోందో లేదో చూడండి. ఒక జాగ్రత్త: పక్కింటి నీళ్ల ట్యాంకు అడ్డొచ్చినా బలం పడుతుంది. అది తేల్చుకోవడానికి మర్నాడు కూడా చూడాలి. జీపీఎస్ ఉపగ్రహం మర్నాడు నాలుగు నిమిషాలు ముందుగా అదే చోటికి వస్తుంది. సరిగ్గా నాలుగు నిమిషాలు ముందు మళ్లీ పడిందంటే అది ట్యాంకే.